చౌక స్కోప్‌తో సరదా షూటింగ్: కొనే ముందు ఏం చూడాలి, కొన్నాక ఏం చేయాలి

సరదాగా కాగితం టార్గెట్ మీద కాల్చుకునేవాళ్ళు రైఫిల్ చేతికి రాగానే అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే. రైఫిల్ మీద బిగించి టార్గెట్‌ను దగ్గరగా చూపించే స్కోప్ తక్కువ ధరలో దొరికితే కొనొచ్చా, లేక అది దండగ ఖర్చా? కొనొచ్చు. నేను ఏళ్ళ తరబడి అలాంటివే వాడాను, ఇప్పటికీ ఒకటి వాడుతున్నాను. కాకపోతే దానికి బాగా చేతనైన పని ఒక్కటే. ఒక దూరానికి ఒకసారి గురి కుదిర్చి, ఆ తర్వాత గురి మార్చే మరలు ముట్టుకోకుండా కాల్చుకోవాలి. దూరం మారినప్పుడల్లా మరలు తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి, అది సరిగ్గా పాత చోటికే వస్తుందని నమ్ముకుంటే మొదటికే మోసం వస్తుంది.

ఎందుకో తెలియాలంటే స్కోప్ గొట్టం లోపల ఏముందో తెలియాలి. మనకు పైకి కనిపించే గొట్టం లోపల ఇంకో సన్నటి గొట్టం ఉంటుంది. బొమ్మను నిటారుగా చూపించే అద్దాలు దానిలోనే ఉంటాయి. స్కోప్ నడుం మీద పైన ఒకటి, పక్కన ఒకటి ఉండే గుండ్రటి మరలనే టరెట్లు అంటారు. టరెట్ తిప్పినప్పుడు దాని కింది మర లోపలి గొట్టాన్ని ఒక పక్కనుంచి నెడుతుంది, అవతలి పక్కన ఒక స్ప్రింగ్ దాన్ని ఎదురు తోస్తూ ఉంటుంది. ఈ ఇద్దరి పోటీలో గొట్టం ఎక్కడ నిలబడితే అక్కడ మీ గురి. అద్దాలు రుబ్బడం, పూత పూయడం ఇప్పుడు యంత్రాల పని కాబట్టి చౌక స్కోప్‌లో కూడా బొమ్మ ఫర్వాలేదనిపించేలానే ఉంటుంది. తయారీదారు ఎక్కువగా పొదుపు చేసేది ఆ మరల నాణ్యతలోనూ, ఆ స్ప్రింగ్‌లోనూ. పిండి కొద్దీ రొట్టె అన్నమాట ఇక్కడ అక్షరాలా నిజం. అందుకే కొనేటప్పుడూ, బిగించేటప్పుడూ, పరీక్షించేటప్పుడూ మీ కన్ను అద్దం మీద కంటే ఆ మరల మీదే ఎక్కువ ఉండాలి.

ముందు: మీకు స్కోప్ అవసరమా?

రైఫిల్‌తో పాటు వచ్చిన ఇనుప సైట్లతో (ముందూ వెనకా ఉండే గురి గుర్తులతో) కనీసం కొన్ని రోజులు కాల్చి చూడండి. స్కోప్ గురిని పెద్దది చేసి చూపిస్తుంది గానీ చేతి వణుకును తగ్గించదు, ట్రిగ్గర్ గుంజే అలవాటును మాన్పించదు. తుపాకీ గొట్టం (బ్యారెల్) ఎంత బాగా కాలుస్తుందో అంతే కాలుస్తుంది.

పోటీల్లోకి వెళ్ళాలన్న ఆలోచన ఉంటే అసలు స్కోప్ జోలికి పోకండి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐ.ఎస్.ఎస్.ఎఫ్ నిబంధనల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో స్కోప్ వాడనివ్వరు. అక్కడ వాడేది సన్నటి రంధ్రంలోంచి చూసే పీప్ సైట్. ఆ దారిలో వెళ్ళేవాళ్ళు ఆ డబ్బును దాని మీదే పెట్టడం మంచిది.

స్కోప్ నిజంగా మేలు చేసేది నలభై దాటిన కళ్ళకు. ఇనుప సైట్లతో గురి చూడాలంటే కన్ను వెనక సైట్‌నీ, ముందు సైట్‌నీ, దూరంగా ఉన్న టార్గెట్‌నీ ఒకేసారి పట్టించుకోవాలి. వయసుతో పాటు కంటికి ఆ సత్తా తగ్గుతుంది, ముందు సైట్ మసకబారుతుంది. స్కోప్‌లో గురి గీతలూ టార్గెట్టూ ఒకే దూరాన ఉన్నట్టు కనబడతాయి. కళ్ళద్దాలు పెట్టుకునే వాళ్ళకు ఈ ఒక్క కారణం చాలు.

మీ రైఫిల్ ఏదో దాన్ని బట్టి నిర్ణయం

ధర చూసే ముందు స్కోప్‌ని దేని మీద పెడుతున్నారో చూడండి.

చిన్న తూటాలు కాల్చే .22 రిమ్‌ఫైర్ రైఫిల్ అయితే మీ అదృష్టం బాగున్నట్టే. కాల్చినప్పుడు అది వెనక్కి తన్నే తన్ను దాదాపు లేనట్టే లెక్క. చౌక స్కోప్ హాయిగా ఏళ్ళ తరబడి బతికేది ఇలాంటి రైఫిల్ మీదే. గాలి సిలిండర్‌తో నడిచే పి.సి.పి ఎయిర్ రైఫిల్ కూడా అంతే, కుదుపు ఉండదు.

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ అలా కాదు. చూడ్డానికి మెత్తగా కనిపిస్తుంది, స్కోప్‌ని మాత్రం పిప్పి చేస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది, దానికి ఎదురుగా రైఫిల్ వెనక్కి తంతుంది. మరుక్షణమే పిస్టన్ చివర నొక్కుకుపోయిన గాలికి తగిలి ఆగుతుంది, అప్పుడు రైఫిల్ ఒక్కసారిగా ముందుకు కుదుపుతుంది. మందుగుండు తుపాకుల కోసం చేసిన స్కోప్ వెనక్కి వచ్చే తన్నుకు సిద్ధంగా ఉంటుంది గానీ ఈ ముందు కుదుపును తట్టుకునేలా దాన్ని చేయరు. నేను మొదటిసారి ఇది తెలియక మామూలు స్కోప్ ఒకటి స్ప్రింగ్ రైఫిల్‌కి బిగించాను. మొదటి డబ్బా పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ గుళ్ళు) సగం అయ్యేసరికి అడ్డగీత కుడివైపు కొస కాస్త కిందికి వాలినట్టు అనిపించింది. రైఫిల్ వంకరగా పట్టుకున్నానేమో అనుకున్నాను. మరో పాతిక పెల్లెట్ల తర్వాత కన్ను పెట్టి చూస్తే గీతలు రెండూ గడియారం ముల్లు జరిగినట్టు పక్కకు తిరిగి ఉన్నాయి. స్కోప్‌ని మెల్లగా ఊపితే లోపల బియ్యపు గింజ కదిలినంత చిన్న శబ్దం. అది మళ్ళీ పనికి రాలేదు. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉన్నవాళ్ళు ఎంత చౌకలో కొన్నా సరే, ఎయిర్ గన్‌కి తట్టుకుంటుందని తయారీదారు స్పష్టంగా రాసినదే కొనండి.

పెద్ద తూటాలు కాల్చే సెంటర్‌ఫైర్ రైఫిల్ మీద చౌక స్కోప్ పెట్టమని నేను చెప్పను. తన్ను గట్టిగా ఉన్నచోట స్కోప్ పాడవడం ఒక్కటే సమస్య కాదు. కంటికీ స్కోప్‌కీ మధ్య దూరం తక్కువైతే దాని అంచు వచ్చి కనుబొమకు తగులుతుంది, చర్మం చీలుతుంది.

డబ్బా మీది అంకెలు చదవడం

4×32 అని రాసి ఉంటే టార్గెట్ 4 రెట్లు దగ్గరగా కనిపిస్తుందని, ముందు అద్దం 32 మిల్లీమీటర్లని అర్థం. 3-9×40 అంటే 3 నుంచి 9 రెట్ల దాకా మార్చుకోవచ్చు, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు. ముందు అద్దం కొలతను రెట్లతో భాగిస్తే కంటిలోకి వచ్చే కాంతి వలయం ఎంత వెడల్పో తెలుస్తుంది. 4×32లో అది 8 మిల్లీమీటర్లు. 3-9×40ని 9 మీద పెడితే సుమారు 4.4. పగటి వెలుతురులో మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కాబట్టి వెలుగుకు రెండూ సరిపోతాయి. కానీ వలయం వెడల్పుగా ఉంటే తల కాస్త అటూ ఇటూ అయినా బొమ్మ పోదు. అందుకే కొత్తవాళ్ళకు తక్కువ రెట్ల స్కోప్‌తో కాల్చడం తేలిక.

ఎన్ని రెట్లు కావాలి? దీన్ని ఊహతో కాదు, రంధ్రంతో లెక్కకట్టండి. .22 తూటా కాగితంలో చేసే రంధ్రం సుమారు 5.6 మిల్లీమీటర్లు. 50 మీటర్ల దూరాన అది మామూలు కన్ను పట్టగలిగే దానిలో సగం కూడా ఉండదు. 4 రెట్ల స్కోప్‌లో వెతుక్కుంటే కనిపిస్తుంది, 9 రెట్లలో చక్కగా కనిపిస్తుంది. 100 మీటర్లకు వెళితే 9 రెట్లలో కూడా వెతుక్కోవాల్సిందే. ఇక 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పెల్లెట్ రంధ్రం 4.5 మిల్లీమీటర్లు, అది తెల్ల కాగితం మీద ఉత్త కంటికే తెలుస్తుంది, 4 రెట్లు ధారాళంగా సరిపోతాయి. కాబట్టి 10 నుంచి 25 మీటర్లకు 4 రెట్లు, 50 మీటర్లకు 9 దాకా వెళ్ళేది సరిపోతుంది. 24 రెట్లు, 32 రెట్లు అని ఊరించే చౌక స్కోప్‌లను వదిలేయండి. అన్ని రెట్లలో బొమ్మ పాలిపోతుంది, మీ గుండె కొట్టుకోవడం కూడా గీతల్లో కనిపించి టెన్షన్ పెడుతుంది.

తక్కువ డబ్బులో రెండు స్కోప్‌లు ఎదురుగా ఉంటే, ఒకటి స్థిరంగా 4 రెట్లదీ, ఇంకోటి రెట్లు మార్చుకునేదీ అయితే, నేను మొదటిదే తీసుకుంటాను. కదిలే భాగాలు తక్కువ. ఆ ధరలోనే తయారీదారు మరల మీద కాస్త ఎక్కువ ఖర్చు పెట్టగలడు.

చాలామంది చూడకుండా దాటేసే అంకె ఒకటుంది. అది పారలాక్స్ దూరం. స్కోప్‌లో గురి గీత, టార్గెట్ బొమ్మ సరిగ్గా ఒకే తలంలో పడేది ఒక దూరంలో మాత్రమే. మిగతా దూరాల్లో కన్ను పక్కకు జరిగితే గీత కూడా టార్గెట్ మీద జరిగినట్టు ఉంటుంది. సెంటర్‌ఫైర్ కోసం చేసిన మామూలు స్కోప్‌లలో ఇది ఎక్కువగా 100 గజాలకు, రిమ్‌ఫైర్ స్కోప్‌లలో 50 గజాల దరిదాపుల్లో కుదిర్చి ఉంటుంది. 100 గజాలకు కుదిర్చిన 32 మిల్లీమీటర్ల స్కోప్‌తో 10 మీటర్ల దూరంలో కాలిస్తే, కన్ను పూర్తిగా అంచుకు జరిగినప్పుడు తప్పు 14 మిల్లీమీటర్ల దాకా వెళ్ళొచ్చు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో ఒక రింగుకీ ఇంకో రింగుకీ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లే. అంటే అయిదు రింగులు పైగా తేడా, అదీ మీరు ట్రిగ్గర్ తప్పేమీ చేయకుండానే! దగ్గర దూరాల్లో కాల్చేవాళ్ళు ముందు అద్దం దగ్గర తిప్పి దూరం మార్చుకునే రకం, అంటే అడ్జస్టబుల్ అబ్జెక్టివ్ ఉన్నది కొనండి. కాస్త డబ్బు ఎక్కువైనా నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

పూత సంగతి. పూత లేని అద్దం ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది. గాలికీ అద్దానికీ మధ్య అలాంటి ఉపరితలాలు పది ఉంటే మూడో వంతు వెలుగు దారిలోనే పోతుంది. డబ్బా మీద ‘కోటెడ్’ అంటే ఏదో ఒక ఉపరితలానికి ఒక పొర పూసినా అనేయొచ్చు. ‘ఫుల్లీ మల్టీ కోటెడ్’ అంటే అన్నిటికీ ఒకటికి మించిన పొరలు. పగటిపూట షూటింగ్‌కి ‘ఫుల్లీ కోటెడ్’ కూడా నడుస్తుంది.

గీతల విషయంలో సాదా క్రాస్, లేదా అంచుల్లో లావుగా మధ్యలో సన్నగా ఉండే డూప్లెక్స్ చాలు. రంగు లైట్లు, పక్కన లేజర్, పైన రెడ్ డాట్ కలిపి కట్టగట్టి అమ్మేవి తీసుకోకండి. అదే డబ్బును అన్ని వస్తువులకు పంచితే స్ప్రింగ్‌కి మిగిలేది ఏముంటుంది? పేరున్న కంపెనీ స్కోప్ నమ్మశక్యం కాని తక్కువ ధరకు కనిపిస్తే అది నకిలీ అయ్యే అవకాశమే ఎక్కువ.

చౌక స్కోప్ అంటే చిన్నచూపు చూసేవాళ్ళకు ఒక మాట చెప్పాలని ఉంటుంది నాకు. 1930లో అమెరికాలో విలియం వీవర్ అనే యువకుడు తయారు చేసిన 3-30 మోడల్ స్కోప్ గొప్పతనమంతా అది మామూలు వాళ్ళకు అందుబాటు ధరలో దొరకడమే. ఇప్పటికీ స్కోప్ బిగించే ఒక రకం పట్టాలను వీవర్ బేస్ అనే పిలుస్తారు.

చేతికి రాగానే చేసే పరీక్ష

డబ్బా, బిల్లు పారేయకండి. రైఫిల్‌కి బిగించక ముందే ఇంట్లో పది నిమిషాలు దీనితో గడపండి.

కిటికీలోంచి దూరంగా ఉన్న గోడ అంచునో స్తంభాన్నో చూడండి. పొరపాటున కూడా సూర్యుడి వైపు తిప్పకండి, కన్ను శాశ్వతంగా పాడవుతుంది. నడిమి బొమ్మ పదునుగా ఉంటే చాలు, అంచుల్లో కాస్త మసక ఉన్నా పట్టించుకోవద్దు. రెట్లు మార్చే రింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. గీతలు గెంతినట్టు కనిపించకూడదు.

తర్వాత టరెట్ మూతలు తీసి క్లిక్కులు ఒక్కొక్కటిగా తిప్పండి. వేలి కొసకు ప్రతి క్లిక్కూ విడిగా తెలియాలి. కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల జావలా ఉంటే అక్కడే ఆపి వాపసు పంపేయండి. దీనిలో నాకు రెండో ఆలోచన ఉండదు.

ఇంకో చిన్న పని. స్కోప్‌ని తక్కువ రెట్ల మీద పెట్టి ముందు అద్దాన్ని ఒక చదునైన అద్దానికి ఆనించి లోపలికి చూడండి. గీతలు రెండు జతలుగా కనిపిస్తాయి: ఒకటి అసలుది, ఒకటి ప్రతిబింబం. టరెట్లు తిప్పి రెండు జతలూ ఒకదాని మీద ఒకటి పడేలా చేయండి. దీంతో లోపలి గొట్టం సరిగ్గా మధ్యకు వస్తుంది. మధ్యలో ఉన్నప్పుడు స్ప్రింగ్‌కి పట్టు రెండు పక్కలా ఉంటుంది. టరెట్ చివరి దాకా తిప్పేసిన స్థితిలో చౌక స్ప్రింగ్ వదులై గురి తేలిపోతుంది. చౌక స్కోప్ ‘నిలవడం లేదు’ అని చెప్పేవాళ్ళలో కొందరి అసలు ఇబ్బంది ఇదే.

రింగులు, బిగింపు

స్కోప్ దగ్గర మిగుల్చుకున్న డబ్బులో కొంత, దాన్ని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగులకు పెట్టండి. డబ్బాలో ఉచితంగా వచ్చే రింగులు చాలావరకు మెత్తటి లోహంతో ఉంటాయి, మరల తలలు అరిగిపోతాయి.

ముందు రైఫిల్ వీపు మీద పట్టా ఏదో చూడండి. ఎయిర్ రైఫిళ్ళకు, చాలా .22 రైఫిళ్ళకు 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి ఉంటుంది. అడ్డంగా గాట్లు ఉంటే వీవర్ లేదా పికాటినీ. గొట్టం లావు 25.4 మిల్లీమీటర్లా (అంటే ఒక అంగుళం) లేక 30 మిల్లీమీటర్లా అన్నది స్కోప్ మీదే ఉంటుంది. రింగు ఎత్తు సాధ్యమైనంత తక్కువ ఉండాలి, ముందు అద్దం తుపాకీ గొట్టానికి తగలకుండా ఉంటే చాలు. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ అయితే రెండు విడి రింగుల కన్నా ఒకే దిమ్మగా ఉండే మౌంట్, వెనక్కి జారకుండా ఆపే పిన్ను ఉన్నది తీసుకోండి.

ఇప్పుడు రైఫిల్ చేతిలోకి తీసుకోండి. మ్యాగజైన్ తీసేయండి, బోల్ట్ తెరవండి, ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే చోటులోకి) కంటితో చూడండి, వేలితో కూడా తడమండి. మీరు పనిచేసే గదిలో తూటాలే ఉంచొద్దు. స్ప్రింగ్ రైఫిల్‌ని కాక్ చేయకుండా, అంటే స్ప్రింగ్ ఎక్కించకుండా ఉంచండి.

రింగుల కింది భాగాలు పట్టాకు బిగించి, స్కోప్ పెట్టి, పై భాగాలు వదులుగా మూయండి. అత్యధిక రెట్ల మీద పెట్టండి. కళ్ళు మూసుకుని మీకు అలవాటైన తీరులో చెంప కర్రకు ఆనించి, అప్పుడు కళ్ళు తెరవండి. నల్ల నీడ లేకుండా వలయం నిండుగా కనిపించేదాకా స్కోప్‌నే ముందుకూ వెనక్కూ జరపండి. మెడను స్కోప్ కోసం సాచొద్దు. కంటికీ వెనక అద్దానికీ మధ్య ఎక్కువ స్కోప్‌లలో 75 నుంచి 100 మిల్లీమీటర్ల ఎడం వస్తుంది.

నిలువు గీత నిజంగా నిలువుగా ఉందో లేదో చూడటానికి దూరంగా ఒక దారానికి బరువు కట్టి వేలాడదీయండి. రైఫిల్‌ని వాలకుండా దిండు మీద నిలబెట్టి, గీతను ఆ దారంతో కలపండి. ఆ తర్వాతే మరలు బిగించాలి, ఒకేసారి ఒకటి పూర్తిగా కాదు, మూల నుంచి మూలకు మార్చుకుంటూ కొంచెం కొంచెంగా. రెండు పక్కలా సందు సమానంగా మిగలాలి. బిగింపు ఎంతో తయారీదారు రాసి ఉంటే అదే పాటించండి, లేకపోతే రింగు పై మరలకు సుమారు 2 న్యూటన్ మీటర్లు దాటొద్దు. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ లేనివాళ్ళు అలెన్ కీ పొడుగు కొసను మరలో పెట్టి, పొట్టి కొసను రెండు వేళ్ళతో తిప్పండి, వేళ్ళకు ఇక చాలనిపించిన చోట ఆపండి. గట్టిగా ఉండాలని చేతి బలమంతా వాడితే చౌక గొట్టం లోపలికి నొక్కుకుపోయి లోపలి గొట్టం కదలడం మానేస్తుంది.

చివరగా రింగు అంచు స్కోప్‌ని తాకే చోట పెన్సిల్‌తో వెంట్రుకంత గీత ఒకటి గీయండి. గీతలో సగం రింగు మీద, సగం గొట్టం మీద పడాలి. ఈ గీత తర్వాత మీకు చాలా రోజుల తలనొప్పి తప్పిస్తుంది.

వెనక అద్దం దగ్గరి ఫోకస్‌ను కూడా ఇప్పుడే సరిచేయండి. తెల్ల గోడ వైపు పెట్టి మూడు నాలుగు సెకన్లు మాత్రమే చూడండి, పక్కకు చూపు మళ్ళించండి, మళ్ళీ చూడండి. చూసిన మొదటి క్షణంలోనే గీతలు పదునుగా కనబడాలి. అదేపనిగా చూస్తూ తిప్పితే కన్ను సర్దుకుపోయి మోసపుచ్చుతుంది.

జీరో చేయడం

గురి చూసిన చోటే తూటా పడేలా స్కోప్‌ని కుదర్చడమే జీరో చేయడం. షూటింగ్ రేంజ్‌లో, అక్కడి నియమాల ప్రకారం, చెవులకూ కళ్ళకూ రక్షణ పెట్టుకుని మొదలుపెట్టండి.

మొదట దగ్గరగా, 25 మీటర్లలో పెద్ద కాగితం పెట్టండి. బోల్ట్ రైఫిల్ అయితే బోల్ట్ తీసేసి, ఇసుక సంచుల మీద పెట్టి, తుపాకీ గొట్టంలోంచి టార్గెట్ మధ్యను చూడండి. రైఫిల్ కదలకుండా గీతల్ని అదే మధ్యకు తెస్తే మొదటి తూటా కాగితం మీద పడుతుంది. మూడు తూటాలు కాల్చి, ఆ మూడింటి నడిమి చోటును కొలవండి. ఒక్క తూటాను చూసి ఎప్పుడూ మరలు తిప్పకండి.

ఎక్కువ స్కోప్‌లలో ఒక క్లిక్ అంటే పావు ఎం.ఓ.ఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని ఎం.ఓ.ఏ అంటారు). అంటే 100 మీటర్ల దగ్గర సుమారు 7.3 మిల్లీమీటర్లు, 50 దగ్గర 3.6, 25 దగ్గర 1.8, 10 దగ్గర 0.7. ఉదాహరణకు 50 మీటర్లలో మీ గ్రూప్ (తూటాలు గుంపుగా పడిన చోటు) 6 సెంటీమీటర్లు కిందికి, 3 సెంటీమీటర్లు కుడికి పడిందనుకోండి. 60ని 3.6తో భాగిస్తే సుమారు 17 క్లిక్కులు పైకి, 30ని భాగిస్తే 8 క్లిక్కులు ఎడమకి. టరెట్ మీది బాణం గుర్తు తూటా ఎటు జరగాలో చెబుతుంది, గీత ఎటు జరుగుతుందో కాదు.

ఇక్కడే చౌక స్కోప్‌కి ఒక మర్యాద పాటించాలి. 17 క్లిక్కులు తిప్పాలంటే 22 తిప్పి, 5 వెనక్కి రండి. తర్వాత టరెట్ పక్కన వేలి మొటికతో రెండుసార్లు తట్టండి. స్ప్రింగ్ బలహీనంగా ఉంటే మర జరిగినా లోపలి గొట్టం వెంటనే జరగదు, తూటా కాల్చిన కుదుపుకు అప్పుడు దిగుతుంది. ఈ సంగతి తెలియనివాళ్ళు మొదటి తూటా చూసి ఇంకా తిప్పుతారు, రెండో తూటాకు అది రెండింతలు జరుగుతుంది, ఇక అక్కణ్ణుంచి వెంటాడటమే. మార్పు చేశాక రెండు మూడు తూటాలు లెక్కలోకి తీసుకోకుండా కాల్చేయండి, ఆ తర్వాతి మూడు కొలవండి.

25 దగ్గర కుదిరాక మీరు ఎక్కువగా కాల్చే దూరానికి వెళ్ళి మళ్ళీ ఇదే చేయండి. .22 వాళ్ళకు నా సలహా 50 మీటర్లు. అక్కడ జీరో చేసిన రైఫిల్ 100 మీటర్లకు వెళితే మామూలు వేగం తూటా 15 సెంటీమీటర్లకు పైగా కిందికి పడుతుంది. మరీ దగ్గర దూరాల్లో కూడా కాస్త కిందికే పడుతుంది, ఎందుకంటే స్కోప్ తుపాకీ గొట్టానికి నాలుగైదు సెంటీమీటర్ల పైన కూర్చుని ఉంటుంది. ఇవేవీ స్కోప్ తప్పులు కావు. దూరం మారినప్పుడు టరెట్ ముట్టుకోకుండా గీతను పైకి పట్టి కాల్చడం నేర్చుకోండి. డూప్లెక్స్ గీతలో లావు భాగం మొదలయ్యే చోటు ఏ దూరానికి సరిపోతుందో కాల్చి చూసి రాసుకోండి. ఒక్క జాగ్రత్త: రెట్లు మార్చుకునే చౌక స్కోప్‌లలో చాలావరకు రెట్లు మారితే ఆ కొలత కూడా మారిపోతుంది, కాబట్టి ఎప్పుడూ ఒకే రెట్ల మీద వాడండి.

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌ని గట్టి దిమ్మ మీద ఆనించి జీరో చేయకండి. అరచేయి తెరిచి దాని మీద ఊరికే ఉంచి, గట్టిగా పట్టుకోకుండా, అది తన ఇష్టం వచ్చినట్టు కదిలేలా వదిలేయండి. పట్టు మారితే గురి మారుతుంది.

ఉంచుకోవాలా, వాపసు పంపాలా?

జీరో అయిన రోజే ఈ రెండు పరీక్షలు చేయండి, వాపసు గడువు దాటిపోకముందే.

మొదటిది రెట్ల పరీక్ష. తక్కువ రెట్ల మీద అయిదు, ఎక్కువ రెట్ల మీద అయిదు, ఒకే చుక్కను గురి చూసి కాల్చండి. రెండు గ్రూపులూ ఒకదాని మీద ఒకటి పడితే మంచిదే. విడిపోతే అది లోపమే, అయినా మీకు మిగతావన్నీ నచ్చితే ఒకే రెట్ల మీద పెట్టి టేపు చుట్టేసి వాడుకోవచ్చు.

రెండోది పెట్టె పరీక్ష. ఒకే చుక్కను గురి చూస్తూ ముందు మూడు తూటాలు కాల్చండి. తర్వాత 20 క్లిక్కులు కుడికి తిప్పి మూడు, 20 పైకి తిప్పి మూడు, 20 ఎడమకి తిప్పి మూడు, 20 కిందికి తిప్పి చివరి మూడు. కాగితం మీద చతురస్రం రావాలి, చివరి మూడు మొదటి మూడింటి మీదే పడాలి. 50 మీటర్లలో ఒక్కో భుజం సుమారు 7.3 సెంటీమీటర్లు. చౌక స్కోప్‌లో భుజం పొట్టిగానో పొడుగ్గానో రావచ్చు, దాన్ని నేను క్షమిస్తాను, ఎందుకంటే మనం మరలు తిప్పుతూ వాడబోవడం లేదు. చివరి గ్రూప్ కాస్త పక్కన పడినా మళ్ళీ ఒకసారి జీరో చేసుకుని వదిలేయవచ్చు. కానీ ఏ మరా ముట్టుకోకుండానే గ్రూపులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడుస్తుంటే మాత్రం ఉంచుకోకండి.

అలా తేల్చే ముందు నేరం స్కోప్‌దేనని రుజువు చేసుకోవాలి. ముందు పెన్సిల్ గీత చూడండి, అది విరిగినట్టు కనిపిస్తే జారింది స్కోప్, చెడింది కాదు. పట్టా మరలు చూడండి. తూటాల రకం మార్చారా? .22 రైఫిళ్ళు తూటా బ్రాండ్ మారితే గ్రూప్ పరిమాణమూ, పడే చోటూ రెండూ మార్చేస్తాయి. గాలి వీస్తోందా? ఇవన్నీ అయ్యాక నిలకడగా పనిచేస్తుందని తెలిసిన ఇంకో స్కోప్ బిగించి అవే తూటాలు కాల్చండి. దానితో గ్రూప్ కుదిరితే అప్పుడు అనుమానం తీరినట్టు.

చల్లటి గదిలోంచి తేమ ఉన్న బయటికి తెచ్చినప్పుడు అద్దం పైన ఆవిరి పట్టడం మామూలే, గుడ్డతో తుడిస్తే పోతుంది. తుడిచినా పోకుండా లోపలి వైపు మసక ఉంటే సీలు పోయినట్టు, అది కూడా వాపసు సరుకే.

నిలిచిన స్కోప్‌ని ఇక కదపకండి. టరెట్ మూతలు బిగించి, ఆ రోజు తేదీ, దూరం, తూటా రకం, రెట్లు ఒక చిన్న పుస్తకంలో రాయండి. ఆ తర్వాత రేంజ్‌కి వెళ్ళిన ప్రతిసారీ మొదటి మూడు తూటాలు అదే దూరంలో, అదే రకం టార్గెట్ మీద కాల్చి ఆ కాగితం ముక్కను పుస్తకంలో అంటించండి. నా పుస్తకంలో అలాంటివి ఇప్పుడు రెండు పేజీలు నిండాయి, ఆ చిన్న 4×32 ఇంకా మొదటి కాగితంలో పడినచోటే కొడుతోంది.